మీవారి షీట్లో గంటలకు గడి లేదు

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. మావారికి 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు 38, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. నిరుడు ఆయన టీమ్‌లో ఇద్దరిని ఒకేరోజు తీసేశారు. అప్పటినుంచి 45కే రిటైర్ అయిపోతానని పట్టుబట్టి ఖర్చులు కోయడం మొదలుపెట్టారు. కారు అమ్మేశారు. బయటి ఫుడ్ ఆర్డర్లు బంద్. నెలనెలా నేను కట్టే నగల స్కీము ఆపించారు. 3,500 తీసుకునే పనిమనిషిని మాన్పించారు. మా తమ్ముడి గృహప్రవేశానికి ఒక్కదాన్నే వెళ్లాను, 516 చదివించి వచ్చాను, తలెత్తుకోలేకపోయాను. ఇంటి లోను 36,000 కాకుండా నెల ఖర్చు 56,000 నుంచి 41,000కి దించారు. రోజూ రాత్రి పాల ప్యాకెట్‌తో సహా ఫోన్లో ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తారు. లోను నాలుగేళ్లలో తీరుతుంది, అప్పటికి కోటీ ఇరవై లక్షలు చేరితే చాలు అంటారు. మొన్న మా అమ్మాయి (ఏడో తరగతి) ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్లకుండా జ్వరం అని అబద్ధం చెప్పింది. ఎందుకే అంటే, 'గిఫ్ట్ కొంటే డాడీ షీట్‌లో ఎక్కుతుంది కదా' అంది. ఆయన మంచి మనిషే, నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. కానీ ఇంట్లో ఊపిరాడటం లేదు. నేనే సర్దుకోలేకపోతున్నానా?

జవాబు: ముందు మీకు రుచించని మాట చెప్పేస్తానమ్మా. మీవారు ఆపినవాటిలో చాలావరకు ఆపదగినవే. బిర్యానీ పార్సిళ్లు తగ్గినందుకు ఇంట్లో ఎవరూ చిక్కిపోలేదు కదా. అపార్ట్‌మెంట్ సెల్లార్లో దుమ్ము కొట్టుకునే కారుకి ఇన్సూరెన్స్ కట్టడమూ దండగే. నగల స్కీము విషయంలో కూడా నేను ఆయన వైపే. నగ కొన్నరోజు కట్టిన తరుగు, మజూరీ దాన్ని అమ్మిన రోజు వెనక్కి రావు. పెట్టుకోవాలని సరదా ఉంటే కొనుక్కోండి, అది మీ ఇష్టం. పొదుపు అని మాత్రం పేరు పెట్టకండి.

పనిమనిషి సంగతి వేరు. అంట్లు, చీపురు, తడిగుడ్డ, బట్టలు ఆరేయడం అన్నీ కలిపి రోజుకు రెండు గంటలు అనుకుందాం. నెలకు 60 గంటలు. మీరు లెక్కల టీచరు కదా, 3,500ని 60తో భాగించండి. గంటకు 58 రూపాయలు. పొద్దుటినుంచి పీరియడ్ల మీద పీరియడ్లు నిలబడి చెప్పి వచ్చిన మనిషి, సాయంత్రం సింకు దగ్గర గంటకు 58 రూపాయల కూలికి నిలబడుతోంది. ఆ కూలి కూడా మీ చేతికి రావడం లేదు, మీవారి షీట్లో 'ఆదా' కింద పడుతోంది. ఇదివరకు డబ్బుతో కట్టినదాన్ని ఇప్పుడు మీ నడుముతో కడుతున్నారు, అంతే తేడా. ఆయనకిది కనపడకపోవడంలో దుర్బుద్ధి ఉందని నేననుకోను. ఆ షీట్లో రూపాయలకే గడులున్నాయి, గంటలకు లేవు.

అందుకని పనిమనిషి విషయంలో బేరం వద్దు. రావాలి, లేదా ఆ రెండు గంటల్లో గంట ఆయనది కావాలి. అంట్లు ఆయన తోముతారు, మిగతావి మీరు. వారంలో ఒకరోజు కాదు, రోజూ. పదిహేను రోజులు మాడిన పెనం గీకాక 3,500 ఎక్కువో తక్కువో ఆయనే చెప్తారు.

ఇంకోటి కూడా అడగండి. ఆయన 45కి రిటైర్ అయితే మీరు దేనినుంచి రిటైర్ అవుతారు? మనిషి ఇంట్లోనే ఉంటే పదకొండింటికి టీ, ఒంటిగంటకు వేడివేడిగా అన్నం, నాలుగింటికి మళ్లీ టీ. ఇవన్నీ ఎవరు పెడతారో ఇప్పుడే మాట్లాడుకోకపోతే, అప్పుడు మాట్లాడుకోవడానికి మీకు ఓపిక ఉండదు. అసలు మీరు స్కూలు మానాలనుకుంటున్నారా లేదా అని ఆయన అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మా నాన్నగారు బడిపంతులు. రాత్రి భోజనాలయ్యాక పద్దుల పుస్తకం తీసి ఆనాటి ఖర్చు పైకి చదివేవారు. అమ్మ వంటింట్లోంచే 'చింతపండు రాయలేదు' అనేది. 'అప్పుడే కదా కొన్నాం, మళ్లీనా?' అని ఆయన. 'మీ చెల్లెలొచ్చి వారం ఉండి వెళ్లింది, పులిహోర ఊరికే వస్తుందా?' అని ఆవిడ. ఆ పుస్తకం గూట్లో ఉండేది, ఎవరైనా తీసి చూడొచ్చు. మీ ఇంట్లో లెక్క ఫోన్లో ఉంది, ఆ ఫోన్‌కి లాక్ ఉంది. పద్దు రాయడం తప్పు కాదమ్మా. ఒక్కరే రాయడం దగ్గరే వచ్చింది మీ ఇబ్బంది అంతా.

ఆ షీట్ ఎప్పుడు మొదలైందో మీరే రాశారు: ఆఫీసులో ఇద్దరిని తీసేసిన తర్వాత. నా దగ్గరకు వచ్చే నలభై దాటిన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది 'రిటైర్ అవుతాను' అనే మాటని 'వాళ్లు పొమ్మనేలోగా నేనే వెళ్లిపోతాను' అనే అర్థంలో వాడతారు. మీవారికి పనిమీద విసుగు కన్నా పరువు పోతుందన్న టెన్షన్ ఎక్కువేమో. అలాగైతే మీరు పాల ప్యాకెట్ గురించి, 516 గురించి ఎంత వాదించినా ఆయనకు వినపడదు. ఆదివారం టిఫిన్ అయ్యాక, అమ్మాయి కిందికి ఆడుకోవడానికి వెళ్లినప్పుడు, 'రేపు మిమ్మల్నీ తీసేస్తే ఏమవుతుందని భయపడుతున్నారు?' అని సూటిగా అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన చెప్పడానికి టైమ్ తీసుకుంటారు, మధ్యలో పనిమనిషిని తేకండి. రాత్రి పడుకునే ముందు మాత్రం ఈ మాటలు ఎత్తొద్దు. ఆ వేళప్పుడు అంకెలు అసలు కన్నా పెద్దగా కనపడతాయి.

తర్వాత ఇద్దరూ కలిసి షీట్ తెరవండి. కోటీ ఇరవై లక్షలు ఎలా వచ్చిందో నాకు అర్థమైంది. నెలకు 40,000, ఏడాదికి 4 లక్షల 80 వేలు, దానికి 25 రెట్లు. యూట్యూబ్‌లో అందరూ చెప్పే ఈ పాతిక రెట్ల సూత్రం విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు 1994లో వేసిన లెక్కలోంచి వచ్చింది. అక్కడి షేర్లు, అక్కడి బాండ్లు, అక్కడి ధరలు పెట్టుకుని, రిటైరయ్యాక 30 ఏళ్ల పాటు డబ్బు సరిపోవాలని వేసిన లెక్క అది. మీవారు మానేనాటికి మీకు 42. మీకు 85 ఏళ్లు రావాలని కోరుకుందాం, అంటే 43 ఏళ్లు. ధరలు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపవుతాయి. ఇవాళ్టి 40,000 సరుకుకి అప్పుడు 80,000, ఇంకో పన్నెండేళ్లకు లక్షా అరవై వేలు.

అసలు ఆ 40,000 కూడా నిజం కాదు. అందులో మీ నడుము ఉందని ఇందాకే చెప్పుకున్నాం. ఫ్రిజ్ పాడైతే, పళ్లకి రూట్ కెనాల్ చేయిస్తే, అపార్ట్‌మెంట్‌కి రంగులేయించి వాటా అడిగితే? అన్నిటికన్నా పెద్దది, ఆయన మానేస్తానన్న ఏడాదే మీ అమ్మాయి ఇంటర్‌లో చేరుతుంది. ఆ వెనకే ఇంజినీరింగో మరోటో. నెలకు 60,000 అని ఒప్పుకుని, పాతికకు బదులు 35 రెట్లు వేసుకుంటే రెండున్నర కోట్లు దాటుతుంది, అమ్మాయి చదువు కాకుండా. ఈ అంకె చూసి ఆయన ముఖం మాడితే మీరు గెలిచినట్టు మాట్లాడకండి.

ఒక పని మాత్రం ఈ నెలలోనే చేయాలి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది, ఆయన మానేసినా వాళ్లు తీసేసినా. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టవచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. ఇవాళ తీసుకుంటే ఆయన 45 వచ్చేలోపే ఆ గడువు తీరిపోతుంది. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు. ఉన్న జబ్బేదీ ఫారంలో దాచకండి. దాచితే క్లెయిమ్ రోజున అదే అడ్డం పడుతుంది. పీఎఫ్ పెన్షన్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పదేళ్ల సర్వీసు ఉంటే వస్తుంది, కానీ పూర్తిగా వచ్చేది 58కి. 50 దాటాక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. దానికి లెక్కగట్టే జీతం మామూలుగా 15,000 దగ్గర ఆగుతుంది కాబట్టి ఆయన సర్వీసుకి నెలకు అయిదారు వేలు దాటదు.

మరి 45 కల వదులుకోవాలా? అక్కర్లేదు. పూర్తిగా మానడమా, ఇలాగే చావడమా అని రెండే దారులు పెట్టుకుంటే ఎవరికైనా ఊపిరాడదు. మధ్యలో బోలెడు చోటుంది. కాంట్రాక్టు పనులో, చిన్న కంపెనీలో తక్కువ జీతమో, మీలాగే పిల్లలకు పాఠాలో. నెలకు 30,000 వచ్చే తేలికైన పని ఒకటి దొరికితే 60,000లో సగం అక్కడే తీరుతుంది, కూడబెట్టిన దాని మీద పడే బరువు సగమవుతుంది. మీ జీతం ఉండనే ఉంది, అది కూడా లెక్కలో వేయమనండి. దానికంటే ముందు, మిగిలిన సెలవులు కూడగట్టి ఒక నెల ఇంట్లో ఉండమనండి. మొదటి వారం నిద్ర, రెండో వారం ఫ్యాన్లు తుడవడం, మూడో వారం మీ స్కూలుకి ఫోన్ చేసి 'ఎప్పుడొస్తావు?' అనడం మొదలుపెడతారని నా అనుమానం. తప్పని తేలితే సంతోషమే, ఆయనకు ఇంట్లో ఉండటం వచ్చన్నమాట.

గృహప్రవేశం మాట మర్చిపోలేదు. చదివింపుల పుస్తకం మన పెద్దవాళ్ల చీటీపాట లాంటిది, ఇవాళ నువ్వు వేస్తే రేపు నీకు తిరిగొస్తుంది. మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మీ తమ్ముడే కదా ముందుండాల్సింది. షీట్లో 'బంధువులు' అని ఒక వరుస కలిపి, ఏడాదికి ఇంత అని ఇద్దరూ ఒప్పుకోండి. అందులోంచి ఎవరికెంత అనేది మళ్లీ చర్చకు రాకూడదు. మీ తమ్ముడి దగ్గరకు మాత్రం డబ్బుతో వెళ్లకండి, ఇద్దరూ కలిసి ఒక ఆదివారం భోజనానికి వెళ్లండి. ఆ రోజు ఆయన రాకపోవడమే వాళ్లను ఎక్కువ బాధపెట్టి ఉంటుంది.

ఇక అమ్మాయి. ఆ జ్వరం మాట ఆయనకు చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పనట్టుంది. చెప్పండి, దెప్పిపొడుపు లేకుండా, అది అన్న మాటలే ఉన్నదున్నట్టు. పిల్లకు నెలకు 500 ఇచ్చి, ఆ డబ్బుకి లెక్క అడగనని తండ్రే దానికి చెప్పాలి, మీరు కాదు. ఆ ఫ్రెండ్‌కి ఆలస్యంగానైనా ఒక గిఫ్ట్ కొననివ్వండి. ఏం కొనాలో అదే చూసుకుంటుంది. వాళ్లింటికి మీవారే బండి మీద దించి రావాలి.