సుధకు, కంటి ఇంజెక్షన్ల గురించి

చెన్నై

అమ్మా సుధా,

రెటీనా (కంటి వెనకపొర) విభాగంలో చేరావని విని సంతోషించాను. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే మనవాళ్లు నీ దగ్గరికి చాలామందే వస్తారు. ఆపరేషన్ అనుకుని షుగరున్నవాళ్లు కూడా ఏమీ తినకుండా వచ్చేస్తారు. చుక్కలతో మత్తిచ్చి కంటి లోపలికి చేసే ఇంజెక్షన్‌కు పస్తు అక్కర్లేదని ముందురోజే ఫోన్ చేయించి చెప్పించు.

"అసలు నొప్పే ఉండదు" అని మాత్రం అనకు. చాలామందికి మొదట్లో నెలనెలా వేయాలి. ఒకసారి నమ్మకం పోతే మళ్లీ రారు, ఉన్న చూపూ పోతుంది. ఏం జరగబోతోందో, రెప్పలు తెరిచి ఉంచే క్లిప్ పెట్టకముందే, వాళ్ల భాషలో చెప్పు. తమిళంలో చెబితే మర్యాదకు తలూపుతారు గానీ ఆ భయంలో ఏమీ ఎక్కదు. రెప్పలు తెరిచాక నువ్వూ పేషెంటూ ఇద్దరూ మాట్లాడకూడదు, నోటి తుంపరలతో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అందుకే "సిస్టర్ మీ చెయ్యి నొక్కగానే పైకి చూడండి పెద్దయ్యా, కాస్త ఒత్తినట్టు ఉంటుంది" అని ముందే ఒప్పందం చేసుకో. ఆ చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా మొదలుపెట్టకు.

మత్తు చుక్కలు కొద్ది నిమిషాల తేడాతో రెండు మూడుసార్లు వేయించు. బయట ఎంత క్యూ ఉన్నా అవి పనిచేసేదాకా ఆగాలి. మత్తు జెల్ వాడితే, క్రిములను చంపే బెటాడిన్ మందు వేశాకే వాడు. ముందే రాస్తే ఆ పొర కింద బెటాడిన్ సరిగా అంటదు.

30 గేజ్ సన్నసూదితో 0.05 మి.లీ. మందు ఎక్కించడం క్షణం పని. రాత్రంతా ఏడిపించేది బెటాడిన్ మంట. కంట్లో కారం పడ్డట్టుందని మర్నాడు చెప్పేది దాని గురించే. కన్ను చెడకుండా కాపాడేదీ అదే కాబట్టి మానడానికి వీల్లేదు. సూది తీశాక స్టెరైల్ సెలైన్‌తో రెప్పల లోపలి మడతల దాకా తీరిగ్గా కడుగు. మన చేతిలో ఉన్న అన్ని ఉపాయాల్లో ఇదే గొప్పదని నా నమ్మకం. హడావిడిలో అందరూ వదిలేసేదీ ఇదే. ఇంటికెళ్లాక వేసుకోవడానికి లూబ్రికెంట్ చుక్కలు రాసివ్వు.

పంపేముందు తోడొచ్చినవాళ్లను కూడా పిలు. చూపులో నల్లటి బుడగలు తేలినా, తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ పడినా వాటంతటవే పోతాయని చెప్పు. నొప్పి పెరుగుతున్నా, చూపు మసకేస్తున్నా, కన్ను ఇంకా ఎర్రబడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయమను. నంబరు చీటీ మీద పెద్ద అంకెలతో రాసివ్వు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ