తాబేలు ట్యాంకులో పీహెచ్ 8 దాటితే మందు వేయాలా?

బోరు నీళ్లు పోసిన ట్యాంకులో పీహెచ్ (నీళ్లు పులుపో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8.2 వస్తోందని, తాబేలు కళ్లు కాస్త ఉబ్బాయని, షాపువాళ్లు పీహెచ్ తగ్గించే మందు ఇచ్చారని రాశారు. ఆ మందు వేయకండి. ముందు తాబేలు మురికి వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా ఎంతుందో చూడండి.

మాది పర్లాకిమిడి. కంటి వెనక ఎర్రచార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది. మొదట్లో నాకూ ఆ అంకెతోనే టెన్షన్. రోజూ అర టీ గ్లాసు వెనిగర్ పోసేదాన్ని. సాయంత్రానికి టెస్టు గొట్టంలో నీలం రంగు ఆకుపచ్చకి దిగేది, తెల్లారేసరికి మళ్లీ నీలం. అలా ఇరవై రోజులు చేశాను. తాబేలు నీళ్లలోకి దిగడమే తగ్గించేసింది, మేత కూడా ముట్టేది కాదు. దాన్ని అలా చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

చివరికి తెలిసిందేమిటంటే, మా పాప గోపాల్‌పూర్ బీచ్‌లో ఏరి తెచ్చిన గవ్వలు ట్యాంకు అడుగున పరిచి ఉన్నాయి. ఒక గవ్వ తీసి దాని మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నటి బుడగలు పొంగాయి. గవ్వ అంటే సున్నమే కదా. నేను పోసిన పులుపును ఆ గవ్వలూ, బోరు నీళ్లలో ఉండే బైకార్బొనేటూ కలిసి రోజూ విరిచేస్తున్నాయి. తాబేలుకి కష్టమైంది ఎక్కువ పీహెచ్ కాదు, రోజూ పైకీ కిందికీ ఊగడం. గవ్వలన్నీ తీసేశాను, వెనిగర్ మానేశాను. ఇప్పుడు 7.8 దగ్గర నిలకడగా ఉంటోంది.

ఇంకో సంగతి. బోరు నుంచి అప్పుడే పట్టిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కాబట్టి పీహెచ్ తక్కువ చూపిస్తుంది. మా నీళ్లు పట్టగానే 7.2, రాత్రంతా బకెట్‌లో ఉంచితే 8కి దగ్గర. అందుకే నిలవ ఉంచిన నీళ్లనే టెస్టు చేయండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోవడానికి కూడా ఒక రోజు మూత లేకుండా ఉంచాలి.

స్లైడర్లు 6 నుంచి 8 దాకా బాగానే ఉంటాయి, 8.2కి కంగారు అక్కర్లేదు. కానీ అమ్మోనియా ఉంటే మాత్రం సంగతి వేరు. పీహెచ్ 7లో కంటే 8లో దాని విషరూపం దాదాపు పది రెట్లు ఎక్కువ, ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. కళ్లు, చర్మం మండుతాయి. అమ్మోనియా సున్నా ఉండాలి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ మీ ట్యాంకు నీళ్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది పెట్టండి. దాని స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంకు నీళ్లలోనే పిండండి, లేకపోతే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పోతుంది. నేను మేత వేరే టబ్బులో వేస్తాను, సగం మురికి అక్కడే ఆగిపోతుంది.

కళ్ల వాపు విటమిన్ ఏ లోపం వల్ల కూడా వస్తుంది, పశువుల డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయకండి.

మీది చెరువులోనో మహేంద్రతనయ ఏట్లోనో దొరికిన తాబేలైతే ఇంట్లో ఉంచకండి, అటవీ శాఖకి చెప్పండి. మన దేశపు తాబేళ్లకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. స్లైడర్‌ని మాత్రం ఎప్పుడూ ఏట్లో వదలొద్దు, అక్కడి తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది.

అమ్మోనియా ఎంత వచ్చిందో, ట్యాంకు ఎన్ని లీటర్లో, అడుగున ఏం రాళ్లు వేశారో రాయండి, చూసి చెప్తాను.