ఆరు వారాలు చలిలో నిలబడే కారు బ్యాటరీ గురించి

ఇండియా వెళ్తున్నాను, అమెరికాలో మినియాపోలిస్‌లో కారు ఆరు వారాలు ఆరుబయటే ఉంటుంది, ఫ్రెండ్‌తో వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేయిస్తే చాలా అని మీరు అడిగారు కదా. చాలదండీ, పైగా నష్టమే. ఆ చలిలో స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జ్ కూడా పది నిమిషాలు నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే సరిగ్గా తిరిగి రాదు. అరగంట హైవే మీద తిప్పగలిగితే సరే, లేదంటే వెళ్లే ముందు బ్యాటరీ ఫుల్‌గా ఛార్జ్ చేసి (కొన్ని గంటలు ఆగి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులైనా చూపించాలి) నెగటివ్ కేబుల్ ఊడదీసి, టెర్మినల్‌కి తగలకుండా పక్కకి కట్టేయండి. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌లో కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినదే సున్నాకి కాస్త కిందకి వెళ్లగానే గడ్డకట్టి పగులుతుంది, నాది ఒక జనవరిలో అలాగే పోయింది.

కేబుల్ తీశాక రిమోట్ పనిచేయదు, అందులో దాగి ఉండే చిన్న తాళంచెవితో డోర్ తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోండి. గ్యారేజీలో ప్లగ్ దొరికితే మాత్రం ఈ తంటా ఏమీ వద్దు, బ్యాటరీ మెయింటెయినర్ (ఛార్జ్ తగ్గకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలించి వెళ్లిపోండి.