రాత్రి రెండింటికి డీవీఆర్‌కి ఏం పని?

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఆఫీసులో నెట్ నత్తనడక నడుస్తోందనీ, రాత్రి రెండింటికి కూడా ఫైర్‌వాల్ (నెట్ గుమ్మం దగ్గర కాపలా కాసేది) లాగ్ తెలియని ఐపీలతో, అంటే నెట్ అడ్రసులతో, నిండిపోతోందనీ, కూర్చుని వాటిలో నలభై బ్లాక్ చేశాననీ రాశావు. ఆ పని ఆపు. అవతలి అడ్రసులకి అంతు లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, లాగ్ పట్టిస్తుంది. కనెక్షన్ ఎక్కడ మొదలైందో చెప్పే సోర్స్ కాలమ్ చూడు.

ఒకే లోపలి ఐపీ క్షణానికో కొత్త చోటికి, అదీ 23, 2323 పోర్టులకే (పరికరంలోకి వెళ్ళే తలుపుల నంబర్లు) వెళ్తుంటే అది మనిషి చేసే పని కాదు. మిరాయ్ అనే మాల్‌వేర్ వెతికే టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) పోర్టులవి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలూ, వాటి వీడియోలు రికార్డు చేసే డీవీఆర్‌లే దాని సైన్యం. 2016లో వాటితోనే అమెరికాలో డైన్ (Dyn) అనే, సైట్ల పేర్లకి ఐపీలు చెప్పే డీఎన్ఎస్ సంస్థ మీద దాడి జరిగి ట్విట్టర్ లాంటి సైట్లే పడిపోయాయి. నా అనుమానం మీ సీసీ కెమెరాల డీవీఆర్ మీదే.

అనుమానంతో సరిపెట్టకు. ఏ ఐపీ ఏ పరికరానిదో చూపే ఏఆర్‌పీ టేబుల్‌లో, ఆ ఐపీకి ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రసు (పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చే నంబరు) రాసుకో. మొదటి సగం చూస్తే తయారీదారు ఎవరో తెలుస్తుంది. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులున్నది) అయితే దాని వైరు ఏ పోర్టులో ఉందో చెబుతుంది, కాకపోతే వైరు పట్టుకుని వెళ్ళడమే. నేనొకసారి రెండు రోజులు సర్వర్‌ని తిట్టుకున్నాక, ఫాల్స్ సీలింగ్ పైన అందరూ మర్చిపోయిన వైఫై రౌటర్ దొరికింది!

డీవీఆరే అని తేలితే, దానికి ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో ఒకే ఐపీ రిజర్వ్ చెయ్యి. లేకపోతే రేపు నీ రూలు ఇంకెవరి నెత్తినో పడుతుంది. తర్వాత ఫైర్‌వాల్‌లో లోపలి నెట్‌వర్క్‌కి ఉండే ల్యాన్ రూల్స్‌లో ఆ ఐపీ నుంచి బయటికి అంతా బ్లాక్ చేసి, లాగింగ్ ఆన్ చెయ్యి. దీన్ని 'అందరికీ అనుమతి' రూలుకి పైన పెట్టాలి. నీ ఫైర్‌వాల్ పీఎఫ్‌సెన్స్ పైనుంచి చదువుతూ మొదట కుదిరిన రూలు దగ్గరే ఆగిపోతుంది. అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు మాత్రం కొత్త రూలుని లెక్కచేయవు. నడుస్తున్న కనెక్షన్ల జాబితా స్టేట్ టేబుల్‌లోకి వెళ్ళి వాటిని తీసెయ్యి. బ్లాక్ చేసినా ట్రాఫిక్ బయటికి పోతోందని చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

మిరాయ్ తాత్కాలిక మెమరీలోనే (ర్యామ్) ఉంటుంది, కరెంటు తీస్తే పోతుంది. పాత పాస్‌వర్డ్‌తోనే మళ్ళీ నెట్‌కి తెరిచి పెడితే నిమిషాల్లో వచ్చేస్తుంది. అందుకే ముందు బయటివాళ్ళకి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ మూసెయ్, తర్వాత పాస్‌వర్డ్, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) సంగతి చూడు. ఫోన్‌లో కెమెరాలు రావట్లేదని మీ సారు గొడవ చేస్తే వీపీఎన్ (నెట్ మీద తాళం వేసిన దారి) పెట్టివ్వు.

ఇంకోటి, అదే స్విచ్ మీదున్న బిల్లింగ్ కంప్యూటర్‌ని డీవీఆర్ కెలికితే ఫైర్‌వాల్‌కి తెలియదు. ఆ ప్యాకెట్లు దాని దాకా రావు. కెమెరాలన్నిటినీ వేరే వీల్యాన్‌లోకి, అంటే విడి నెట్‌వర్క్‌లోకి మార్చు. ఆదివారం చెయ్యి, వైర్లు పీకేముందు ఫోటో తీసుకో.

నీ బాబాయి