వచ్చినవాళ్ల కథ రాస్తున్న అమ్మాయికి

కర్నూలు

అమ్మాయీ,

నీ కథ అందింది. తీరిగ్గా చదివాను. బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. అది సంపాదకుల పని. ఏ పేరా దగ్గర ఆగిపోయానో, ఏ పేరా దగ్గర కాగితం పక్కన పెట్టి టీ తాగడానికి లేచానో మాత్రం చెప్పగలను.

ముందుగా ఒక సంతోషం. సీమ నుంచి వచ్చిన రచయిత కరువు మీదో కక్షల మీదో తప్ప మరొకటి రాయడని చాలామందికి ఒక నమ్మకం పాతుకుపోయింది. కోసిగి పక్కన పుట్టిన నువ్వు నెల్లూరు తీరంలో బ్యాంకు ఉద్యోగానికి వెళ్లి, అక్కడి పట్టపుపాలెం అనే మత్స్యకారుల వాడ గురించి, రొయ్యల ఫ్యాక్టరీలో పనికి ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ దిగిన పిల్లల గురించి కథ రాశావు. ఎవరూ అడగని కథ రాసినందుకు మెచ్చుకుంటున్నాను. ఇక మెప్పు ఆపుతాను.

మొదటి పేజీ మొత్తం కొట్టెయ్యి. "ఒకప్పుడు ఆ పాలెం ఎంత ప్రశాంతంగా ఉండేదో" అని మొదలుపెట్టావు. ఆ ఒకప్పుడు ఎప్పుడు? పట్టిన చేపకు ధర కట్టేది అప్పిచ్చిన సావుకారే అయిన రోజులా? తుపానుకు తెప్పలు కొట్టుకుపోయిన రోజులా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫైబర్ పడవలు, సిమెంటు ఇళ్లు పెద్దయెత్తున వచ్చింది ఆ తరువాతే. 2008లో కృష్ణపట్నం రేవు కొత్తగా తెరుచుకుంది. దాని చుట్టూ బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాలు వెలిశాయి. 2009లో వెన్నామి అనే విదేశీ రకం రొయ్య సాగుకు అనుమతి దొరికింది, ఉప్పునేలలూ వరినేలలూ చెరువులయ్యాయి. నీ కథలోని ఒడియా పిల్లవాడు సంచీ భుజాన వేసుకుని రైలు దిగేనాటికే ఆ ఊరు సగానికి పైగా మారిపోయి ఉంది. నీ కథ చదివితే మాత్రం అతను వచ్చాకే అన్నీ చెడిపోయాయనిపిస్తుంది. నీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కాని కథ నీ ఉద్దేశాన్ని చదవదు, నీ వాక్యాల వరుసను చదువుతుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది సరిచూసుకో.

రెండో పేజీలో పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలతో ఆ ఒడియా పిల్లలను పోల్చావు. సూళ్లూరుపేట దగ్గర ఉన్నావు కాబట్టి ఆ పోలిక చేతికి దొరికింది, అంతే. పక్షికి కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీ ఉండడు. అడ్వాన్సు ఉండదు. చెల్లెలి పెళ్లి అప్పు ఉండదు. వచ్చిన చెరువుకు అద్దె కట్టదు. ఆ పోలిక పెట్టగానే, ఎవరు పిలిస్తే వచ్చాడు అన్న ప్రశ్న నీకు అడ్డం రాకుండా పోయింది.

అదే అసలు ప్రశ్న. నీ కథలో ఎనిమిది మంది పిల్లలు ఒక గదిలో ఉన్నారు. వాళ్లను అక్కడికి చేర్చినవాడు మాత్రం కథలో ఎక్కడా లేడు. ఒడిశాలో ముందుగా డబ్బిచ్చి పనికి తీసుకుపోవడాన్ని దాదన్ అంటారు. దాన్ని అదుపు చేయడానికి ఆ రాష్ట్రం 1975లోనే చట్టం చేసింది. 1979లో దేశమంతటికీ కలిపి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ప్రయాణపు ఖర్చు ఇవ్వాలని, ఊరు విడిచినందుకు భత్యం ఇవ్వాలని అందులో రాశారు. అవి నీ పిల్లలకు అందాయా? అందకపోతే ఎవరి జేబులో ఆగాయి? (పక్కమాట ఒకటి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, పేరులో ఉన్నట్టే ఈ చట్టానికి రెండు రాష్ట్రాలు ఉండాలి. మన ఆదోని మనిషి గుంటూరుకు వెళ్తే అది వర్తించేది కాదు. పాలమూరు కూలీలు గుంటూరు మిరపతోటలకు ఎన్నో ఏళ్లుగా వస్తున్నారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడి, తెల్లవారేసరికి వాళ్లు వేరే రాష్ట్రంవాళ్లయ్యారు. అదే తోట, అదే మిరప, అదే మేస్త్రీ. ఇది నీకు పనికిరాకపోతే నాకు వదిలెయ్యి, నేనే రాసుకుంటాను.)

ఎలా వచ్చారన్నది కూడా రాయాలి. ఆ తీరానికి మనుషులను మోసుకొచ్చేది హౌరా, చెన్నై మధ్య నడిచే రైళ్లలోని జనరల్ పెట్టెలు. 2023 జూన్‌లో బాలేశ్వర్ జిల్లా బహనగా దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా పోయారు. దక్షిణాదికి పనికి బయలుదేరినవాళ్లు అందులో ఎందరో. నీ కథ ఆ తరువాతి సంవత్సరంలో నడుస్తోంది. ఆ గదిలో ఎవరూ ఆ మాట తలుచుకోకపోవడం నాకు వింతగా తోచింది.

ఇప్పుడు నేను ఆగిపోయిన చోటు. ఒలిచే షెడ్డు. ఐసు నీళ్లలో తేలుతున్న రొయ్యను తీసి, తల విరిచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్లనరం లాగి పడేయడం రాశావు. పాలిపోయి ముడతలు పడ్డ వేలికొసలు, గ్లవుజు దాటి గుచ్చుకునే ముక్కుముల్లు, బట్టలకు పట్టి వదలని క్లోరిన్ వాసన. ఇవి బాగా రాశావు. బ్యాంకులో వేలిముద్ర యంత్రం ఆ షెడ్డులో ఒలిచే ఒడియా పిల్ల వేలిని గుర్తుపట్టకపోవడం ఇంకా బాగుంది. అది బ్యాంకు కౌంటరు అవతల కూర్చున్న మనిషికి మాత్రమే కనిపించే సంగతి. ఆ చోట నీకు ఇంకొకరు గుర్తుకు రావాలి. మీ అమ్మ. సంక్రాంతి అటూ ఇటూగా మన పడమటి మండలాల్లో, కోసిగిలో, కౌతాళంలో, పెద్దకడుబూరులో ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే వలస పనికి, వెళ్లారు అంటారు ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు. గుంటూరు తోటల్లో మిరపకాయ కోసి వచ్చిన రాత్రుళ్లు మీ అమ్మ చేతులు మంటెత్తి తడిగుడ్డ చుట్టుకుని పడుకునేదని, ఏడుస్తున్న నీ కళ్లు తుడవడానికి మోచేతిని వాడేదని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ వాక్యం చదివినప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయి రచయిత్రి అవుతుందని. మరి కథలో ఆ మోచెయ్యి ఏది? అమ్మ గురించి రాయమనడం లేదు. ఆమెను చూసిన కళ్లతో ఆ ఒడియా పిల్లను చూడమంటున్నాను. నువ్వు ఆ పిల్లను జాలిపడే పట్నంవాసిలా చూశావు. టార్పాలిన్ గుడిసెలో, మిరప బస్తాల పక్కన నిద్రపోయిన పిల్లవు నువ్వు. నీకు జాలి అక్కర్లేదు, లెక్కలు తెలుసు.

లెక్కలంటే ఇవి. పాలెం ఆడవాళ్లు కూడా అదే షెడ్డులో ఒలిచేవాళ్లని రాశావు, ఇప్పుడు వాళ్లకు పని దొరకడం లేదని రాశావు. ఎందుకో రాయలేదు. తక్కువ కూలికి వస్తారు కాబట్టి అని పాఠకుడు ఊహించుకుంటాడు. అది సగమే నిజం. రొయ్యల పట్టుబడికి వేళాపాళా లేదు. చెరువు పట్టిన రాత్రే సరుకు ఒలవాలి. పాలెం మనిషికి ఇంట్లో చావు ఉంటుంది, పక్కింట్లో పెళ్లి ఉంటుంది, బిడ్డకు జ్వరం వస్తుంది, గంగమ్మ జాతర వస్తుంది. దూరం నుంచి వచ్చినదానికి పోవడానికి చోటు లేదు. ఫ్యాక్టరీకి కావలసింది ఆమె చేతులతో పాటు ఆ చోటు లేకపోవడం కూడా. ఇది తెలిస్తే, పాలెం ఆడవాళ్ల కోపం నీ కథలో మరోలా పలుకుతుంది. వాళ్ల కోపాన్ని నువ్వు మూర్ఖత్వంగా చూపించావు. సముద్రానికి వెళ్లే దారికి కంచె పడితే, గదుల అద్దె రెట్టింపైతే, చేతిలో పని పోతే ఎవరికైనా కోపం వస్తుంది. కంచె వేసినవాడు కళ్లకు కనిపించడు. అద్దెగదిలోని కుర్రాడు కనిపిస్తాడు.

నీ కథలో నాకు అందరికంటే నచ్చిన మనిషి ఆ ఇంటి యజమానురాలు. కొడుకు చెన్నైలో పనికి పోయి సముద్రం ముఖం చూడడం మానేశాడు. వాడి గదినే ఆమె అద్దెకిచ్చింది. తలకింతని కరెంటుకు, బిందెకింతని నీళ్లకు వసూలు చేస్తుంది. పగటి షిఫ్టువాడు లేచి వెళ్లగానే రాత్రి షిఫ్టువాడు అదే చాప మీద పడుకుంటాడని, ఆ చాప ఎప్పుడూ చల్లారదని రాశావు. ఆమె ఆ పిల్లలను తిడుతుంది, వాళ్ల అద్దెతోనే బతుకుతుంది, పండక్కి వాళ్లతో చందా కట్టించుకుని ముందు వరుసలో మాత్రం నిలబడనివ్వదు. ఆమెను నాలుగు వాక్యాల్లో తేల్చేసి జాతర కొట్లాటలోకి పరిగెత్తావు. కొట్లాట ఎవరైనా రాస్తారు. ఆమె దగ్గర ఉండు. అంగట్లో ఆవనూనె సీసాలు ఎప్పుడు వచ్చాయో, ఎవరడిగితే తెప్పించారో ఆమెకు తెలుసు. ఆవాల వాసన పడదని ముక్కు మూసుకున్న మనిషి, ఆ పిల్లలకే చేప వేపడం అమ్ముకుంటూ ఆవనూనె వాడటం ఎప్పుడు మొదలుపెట్టిందో రాయి.

మన దగ్గర కూడా చూడు. పెనుకొండ పక్కన కొరియావాళ్ల కార్ల ఫ్యాక్టరీ 2019లో పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆ దారి పొడవునా కొరియా అక్షరాల బోర్డులు, వాళ్ల వంట దొరికే హోటళ్లు. వాళ్లను ఎవరూ వలసవాళ్లు అనరు. కొరియావాడు వస్తే అతిథి, ఒడియావాడు వస్తే బయటివాడు. మా కర్నూలుకు కూడా ఒకసారి కొత్తవాళ్లు వచ్చారు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి ఇది రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు నడిచాయి. సర్కారు జిల్లాల నుంచి దిగిన గుమాస్తాలకు ఇళ్లు చాలక పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిచ్చారని మా నాన్న చెప్పేవాడు. కోస్తావాళ్లకు ఉప్పూ కారం ఎక్కువని మావాళ్లు, కర్నూలు ఎండకు మనుషులు బతకరని వాళ్లు. 1956 నవంబరులో అందరూ హైదరాబాదుకు కట్టగట్టుకుని వెళ్లిపోయారు. అద్దెలు పడిపోయాయి. వాళ్లు వచ్చినప్పటి కంటే వెళ్లినప్పుడే ఊరు ఎక్కువ తిట్టుకుందట. ఫ్యాక్టరీ మూతపడితే నీ పాలెం ఏమంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?

పాలెంవాళ్లను "తరతరాలుగా ఈ మట్టిలో పుట్టినవాళ్లు" అన్నావు. పట్టపువాళ్లలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ తమిళం కలిసిన మాట వినిపిస్తుంది. వాళ్ల పెద్దలు దక్షిణపు తీరం నుంచి పైకి వచ్చినవారని వాళ్లే చెబుతారు. ఏ ముసలామెనైనా అడుగు. ఇటు చూస్తే, పూరీ తీరంలో పెంటకట అనే పెద్ద మత్స్యకార వాడ ఉంది. అక్కడ వలలు లాగేది మన తెలుగువాళ్లే. ఒడిశావాళ్లు వాళ్లను నోలియాలు అంటారు. శ్రీకాకుళం తీరపు మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కు పడవ పనికి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని ఎక్కువమంది ఇంటి ముఖం చూడలేదు. ఇవన్నీ తెలుసుకో, కాని కథలో గుమ్మరించకు. ముఖ్యంగా "అందరం ఎక్కడి నుంచో వచ్చినవాళ్లమే కదా" అని ఏ పాత్రతోనూ అనిపించకు. అద్దె కట్టలేక ఊరి చివరికి జరిగిన మనిషికి ఆ మాట ఏం ఓదార్పు?

చిన్నవి కొన్ని. ఆ ఒడియా కుర్రాడితో వచ్చీరాని తెలుగు పలికించి నవ్వించే ప్రయత్నం మానుకో. గదిలో తనవాళ్ల మధ్య అతను చక్కగా, చమత్కారంగా మాట్లాడతాడు. అక్కడ అతని మాటను మంచి తెలుగులో రాయి. బ్యాంకులో చూసిన ఎవరి ఖాతా అంకెనూ, ఎవరి అప్పునూ ఉన్నదున్నట్టు కథలోకి తేకు. ఊరు చిన్నది, వాళ్లకు తెలిసిపోతుంది. నీ ఉద్యోగం మాట అటుంచి, నిన్ను నమ్మి పాస్‌పుస్తకం చేతికిచ్చిన మనిషి అది. చివర్లో కుర్రాణ్ని చంపేశావు. వాడు చావాల్సిన అవసరం కథకు లేదు, ముగింపు దొరకక నీకు వచ్చింది. బతికించు. బతికి ఉంటే వాడు వచ్చే నెల అద్దె కట్టాలి, ఆమె తీసుకోవాలి. ఆ ఇద్దరూ గడప దగ్గర ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు పాలెంలో మగవాళ్లు ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటూ ఎవరు పక్కన కూర్చున్నా మాట్లాడతారు. ఆదివారాలు అక్కడికి వెళ్లు. పుస్తకం, పెన్ను బయటికి తీయకు. ముందు ఆ మేస్త్రీ ఎవరో, ఏ ఊరివాడో కనుక్కో. ఒడియావాడే కావచ్చు, పాలెంవాడే కావచ్చు. అది తేలితే కథ సగం దానంతటదే మారుతుంది. రెండో ప్రతి పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లేలోపు నాకు పంపు. ఫోనులో ఫొటోలు తీసి పంపకు, నా కళ్లకు ఆనవు. కాగితం మీద, వరుసకూ వరుసకూ మధ్య చోటు వదిలి రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు