సైట్ ఏదైనా పెట్టుకోండి, ముందు "గ.పై" అంటే ఏమిటో రాసిపెట్టండి

"సైన్స్, ఎకనామిక్స్, చరిత్ర వాళ్ళం కలిసి ఒక ప్రాజెక్టు చేస్తున్నాం. ఎవరి పరిశోధన వాళ్ళ కంప్యూటర్లోనే ఉండిపోతోంది. అందరూ పంచుకోవడానికి, రికార్డు చేసుకోవడానికి ఏ సైట్ వాడాలి?" ఇదీ మీ ప్రశ్న.

సైట్ పేరే కావాలంటే జెనోడో. 2013లో సెర్న్ (యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళ దగ్గర మొదలైంది. ఏ సబ్జెక్టు వాళ్ళైనా పెట్టుకోవచ్చు, డబ్బులు అడగరు, మామూలుగా ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా పడుతుంది, పెట్టిన ప్రతిదానికీ ఒక డీఓఐ నంబరు, అంటే మారని గుర్తింపు సంఖ్య, వస్తుంది. ఇక్కడితో జవాబు అయిపోయినట్టే. కానీ మీ ఇబ్బంది సైట్ లేక వచ్చింది కాదు. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, అచ్చం ఇలాంటి ప్రాజెక్టులోనే నేను నాలుగేళ్ళు అందరి డేటా కలిపే పని చేశాను. అందులో మూడు నెలలు రెండంటే రెండు అక్షరాల వెనకాల పడి పోయాయి.

మాది భూగర్భ జలాల మీద పని. నీళ్ళ వాళ్ళు బావుల్లో మట్టం కొలిచేవాళ్ళు, ఎకనామిక్స్ వాళ్ళు రైతుల ఆదాయం చూసేవాళ్ళు, చరిత్ర మేడమ్ ఒకావిడ ఆ బావులు ఎవరు, ఎప్పుడు తవ్వించారో పాత కాగితాల్లో వెతికేవారు. మేం మొదలుపెట్టడానికి ఎనిమిదేళ్ళ ముందు ఎవరో అవే 41 బావులు కొలిచి పెట్టారు. ఆ కొలిచిన కుర్రాడు ఎప్పుడో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మాకు మిగిలింది ఒక ఎక్సెల్ ఫైలు. అందులో ఒక కాలమ్, పేరు "లోతు1". అంతే.

పాత లోతులు, కొత్త లోతులు పక్కపక్కన పెట్టి తీసేస్తే 33 బావుల్లో నీళ్ళు 70 నుంచి 90 సెంటీమీటర్లు పైకొచ్చినట్టు తేలింది. మధ్యలో ఆ ప్రాంతంలో నీటిని ఇంకించే పథకం ఒకటి నడిచింది. ఇంకేం, ఎకనామిక్స్ సార్ ఆనందం చూడాలి. ఆ సాయంత్రానికే "పథకం ఫలించింది" అని స్లైడ్ తయారైంది, గ్రాఫుకు ఆకుపచ్చ రంగు కూడా వేశారు.

మీటింగ్‌లో చరిత్ర మేడమ్ ఒక్కరే మాట్లాడకుండా కూర్చున్నారు. చివర్లో, "మిగతా ఎనిమిది బావుల సంగతేంటండీ?" అన్నారు. వాటిలో ఏ మార్పూ లేదు, అక్కడ కింద రాయి ఉండి ఉంటుందని నీళ్ళ వాళ్ళు సర్దిచెప్పారు. నేనూ తలూపాను, ఒప్పుకోవాలి. ఆవిడ లాప్‌టాప్ తిప్పి ఫొటోలు చూపించారు. ఆ ఎనిమిది బావులకూ చుట్టూ గట్టు లేదు. నేల మీద గొయ్యిలా తెరిచి ఉన్నాయి. మిగతా 33కీ నడుము ఎత్తు గోడ ఉంది.

గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పాత కుర్రాడు టేపు గట్టు మీద నుంచి వదిలాడు. మా వాళ్ళు నేల మట్టం నుంచి కొలిచారు. పైకొచ్చింది నీళ్ళు కాదు, గోడ ఎత్తు.

అయితే అది అనుమానమే కదా, రుజువు కావాలి. పాత రిజిస్టర్ కోసం స్టోరు రూములో వెతికితే దొరికింది. అందులో కాలమ్ పైన "లోతు గ.పై మీ." అని పెన్సిల్‌తో రాసి ఉంది. కంప్యూటర్లో ఎక్కించినవాళ్ళు పేరు పొడుగైందని "గ.పై" ఎగరగొట్టేశారు. ఇక "గ.పై" అంటే ఏమిటన్నది గొడవ. ఒకాయన "గరిష్ఠ పైమట్టం" అన్నాడు. ఇంకొకాయన "గత పైరు" అన్నాడు, అంటే పోయిన పంట కాలంలో కొలిచిందట! దీని మీద మెయిళ్ళు, కాల్స్, పాత కుర్రాడి ఫోన్ నంబర్ కోసం వేట. మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి మళ్ళీ మేడమే. రిజిస్టర్ అట్ట లోపలి వైపు చిన్న అక్షరాలతో "గ.పై = గట్టు పైనుంచి" అని ఉందట. మేమంతా కాలమ్ దగ్గర తల పెట్టుకున్నాం, ఆవిడ అట్ట తిప్పి చూశారు. ఆవిడకు అది అలవాటు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు వెనక, అంచులు, అట్ట అన్నీ ఫొటో తీసి, ఏ బీరువా, ఏ అర, ఏ కట్ట, ఎన్నో పేజీ, ఏ తేదీ, ఎవరు చూపించారు అని ఒక్కొక్కటీ రాసుకుంటారు. మొదట్లో ఆ చాదస్తం చూసి నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే నా అభిప్రాయం ఇది, ఎవరికి కోపం వచ్చినా సరే: రికార్డు చేయడంలో సైన్స్ వాళ్ళం చరిత్ర వాళ్ళ కాలి గోటికి సరిపోం. వాళ్ళ ఫుట్‌నోట్ చూసి మీరు అదే కట్ట, అదే కాగితం దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. మా వ్యాసాల్లో ఏముంటుంది? "నమూనాలు సేకరించబడ్డాయి, విశ్లేషించబడ్డాయి." ఎవరు సేకరించారు? ఎక్కడ నుంచుని? ఏ టేపుతో? ఆ "బడ్డాయి" వెనకాల సగం శాస్త్రం దాక్కుంటుంది.

ఇంకో వాక్యం ఉంది, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది: "డేటా అడిగితే ఇస్తాం." నేను ముగ్గుర్ని అడిగాను. ఒకరి మెయిల్ వెనక్కొచ్చింది, ఒకరు పాత లాప్‌టాప్‌తో పాటే పోయిందన్నారు, మూడో ఆయన ఇప్పటికీ జవాబివ్వలేదు. నా ఒక్కడి గోడు అనుకోకండి. 2014లో కరెంట్ బయాలజీ అనే జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 516 వ్యాసాల డేటా కోసం రచయితలను వెతికారు. వ్యాసానికి వయసు పెరిగేకొద్దీ, డేటా ఇంకా బతికి ఉండే అవకాశం ఏడాదికి 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చిందని తేల్చారు. అవి ఎవరో దాచుకున్నవి కావు, చాలావరకు పోయినవీ, ఎవరూ వాడని డిస్కుల్లో ఇరుక్కుపోయినవీ.

దాచుకునేవాళ్ళూ ఉంటారు లెండి. మా ప్రాజెక్టులో కూడా "పేపర్ వచ్చేదాకా ఎవరికీ చూపించొద్దు, కొట్టేస్తారు" అనే టెన్షన్ ఉండేది. ఇది కొత్త జబ్బు కాదు. రాబర్ట్ హుక్ తన స్ప్రింగ్ సూత్రాన్ని 1676లో అక్షరాలు కలగాపులగం చేసి అచ్చు వేయించి, అసలు వాక్యం 1678లో బయటపెట్టాడు. ముందు కనిపెట్టింది నేనే అని చెప్పుకోవాలి, కానీ ఎవరికీ అర్థం కాకూడదు! ఇప్పుడు ఆ తిప్పలు అక్కర్లేదు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ అనే సైట్ మొదలుపెట్టాక ఫిజిక్స్ వాళ్ళు ప్రిప్రింట్, అంటే జర్నల్‌లో రాకముందు వ్యాసం, అక్కడ పెట్టేస్తారు, దాని మీద తేదీ పడుతుంది, ముందు ఎవరన్నది లోకమంతా చూస్తుంది. గణిత శాస్త్రవేత్త పెరెల్మాన్, గణితంలో పెద్ద చిక్కుముడైన పాయింకరే ఊహకు ఇచ్చిన నిరూపణ 2002, 2003ల్లో అక్కడే పెట్టాడు, జర్నల్‌కు పంపనే లేదు. మెడిసిన్‌లో ఆ ధైర్యం అంత తేలిగ్గా రాలేదు, వాళ్ళ ప్రిప్రింట్ సైట్ మెడ్ఆర్కైవ్ 2019లో గానీ మొదలుకాలేదు. తప్పుడు ఫలితం చూసి ఎవరైనా మందు మార్చేసుకుంటారన్న భయం ఉంటుంది కదా, అది న్యాయమే. ఒక రంగంలో మర్యాద అనుకున్నది ఇంకో రంగంలో తొందరపాటు. మీ టీములో మొదటి రోజే ఇది మాట్లాడుకోండి.

వ్యాసం మీద రచయితల పేర్ల వరస గురించి కూడా. గణితంలో అక్షర క్రమం. చాలా జీవశాస్త్ర వ్యాసాల్లో చివరి పేరు ల్యాబ్ పెద్దది. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద వచ్చిన వ్యాసానికి 5,154 మంది రచయితలు, మొత్తం 33 పేజీల్లో అసలు విషయం తొమ్మిది పేజీలే. మా దాంట్లో నా పేరు నాలుగోది. ఒక ఇంటర్వ్యూలో "నాలుగో పేరంటే మీరు చేసిందేమిటి?" అని అడిగారు. గట్టు కథ చెప్దామనుకున్నాను, టైమ్ అయిపోయిందన్నారు.

సరే, మీకు పనికొచ్చేది చెప్తాను. ఫైలుతో పాటు ఒక పేజీ రాయండి, మామూలు టెక్స్ట్‌లో. ప్రతి కాలమ్ అంటే ఏమిటి, ఏ కొలమానం, ఎక్కడి నుంచి కొలిచారు, ఖాళీ ఉంటే ఏం రాశారు. మా పాత ఫైల్లో కొలవలేకపోయిన చోటల్లా -99 వేశారు. అది తెలియక సగటు తీస్తే నీళ్ళు భూమికి రెండు మీటర్ల పైన తేలాయి. ఆ ఒక్క తప్పూ మాత్రం వెంటనే దొరికింది, పాపం. అసలు ఫైలును ముట్టుకోకండి, కాపీ మీద పనిచేయండి. ఎక్సెల్‌ను అసలు నమ్మకండి. మార్చ్1 అనే జన్యువు పేరు టైప్ చేస్తే అది మార్చి 1 అని తేదీ చేసేస్తుంది. ఈ బాధ పడలేక 2020లో జన్యువుల పేర్లు చూసే కమిటీ వాళ్ళు ఆ పేర్లే మార్చేశారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ మారలేదు, మనిషి జన్యువుల పేర్లు మారాయి! ఇక ఓఆర్సీఐడీ అనే పరిశోధకుల గుర్తింపు నంబరు అందరూ తీసుకోండి, 16 అంకెలు, ఒకే పేరున్న ఇద్దరి పని కలిసిపోకుండా ఉంటుంది.

అన్నీ బయట పెట్టేయమని కూడా అనను. చరిత్ర మేడమ్ దగ్గర రైతులు మాట్లాడిన రికార్డింగులు ఉన్నాయి, భూమి తగాదాలు, ఇంటి గొడవలు అన్నీ అందులోనే. వాటిని పెడదామని మేం ఒత్తిడి చేస్తే ఆవిడ ససేమిరా అన్నారు. ఎన్ని ఉన్నాయి, ఏ విషయం మీద, ఎవరి అనుమతితో వినొచ్చు అన్న జాబితా మాత్రం పెట్టారు. అది చాలు.

మా డేటా చివరికి జెనోడోలోకే వెళ్ళింది, మూడు పేజీల వివరణతో సహా. "గ.పై" గురించి అందులో ఒక పేరా ఉంది. గర్వంగానే ఉండేవాణ్ణి. మొన్న పరిచయం లేని ఒక వాతావరణ శాస్త్రవేత్త మెయిల్ పెట్టారు: "మీ ఫైల్లో ‘వాన’ కాలమ్‌లో 1 అంటే కొలిచిన రోజు వాన పడిందనా, ముందు రోజు పడిందనా?" మూడు పేజీలూ వెతికాను, ఎక్కడా లేదు. నాకూ గుర్తు రావడం లేదు. మేడమ్‌కు ఫోన్ చేశాను, నోట్‌బుక్ చూసి చెప్తానన్నారు.