రాకాసి గుళ్లకు పోయేటప్పుడు

తమ్మీ,

మీ వాకింగ్ గ్రూపును ములుగు జిల్లా తాడ్వాయి దిక్కున్న దామరవాయి రాకాసి గుళ్లకు, అట్నుంచి మేడారం గిరిజన మ్యూజియానికి తీసుకపోతనన్నవు. సంతోషం. పేరుకే గుళ్లు గానీ అవి గోరీలు. రెండు వేల ఏళ్లు దాటిన శ్మశానం. ఈ మాట బస్సులనే అందరికీ చెప్పు.

నవంబర్ ఆఖరు నుంచి జనవరి లోపల పెట్టుకో. అంతకుముందు గడ్డి నడుముదాకా ఉంటది, కాలు ఎక్కడ పడుతుందో కనపడదు. మేడారం జాతర వచ్చే సంవత్సరమైతే జనవరి మొదట్లకే ముగించుకో, తర్వాత ఆ దారి నిండా బండ్లే. ఇరవై మందికి మించొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, బూట్లు, నిండు చేతుల అంగీ. పిడుదులు పడతయి, ప్యాంటు అంచులు సాక్సుల దోపుకోమను. తాడ్వాయి అటవీ ఆఫీసుల ముందే అడుగు. ఊళ్లె మనిషినొకరిని కూలి మాట్లాడుకొని వెంట తీసుకో, పొదల్లో బాటలు చీలిపోతయి. ముందొకరు, వెనకొకరు తెలిసినోళ్లుండాలె.

హన్మకొండల పొద్దున ఐదున్నరకు కదిలితే ఎండ ముదరకముందే గోరీల కాడుంటరు. ఏటవాలు ఎండల రాతి మీది గరుకు, అంచులు తేటగ కనపడతయి. నడి పొద్దున అంతా ఒక్క తీరే. ఒక్క గోరీ ముందు పదిహేను నిమిషాలు ఆగండి. చుట్టూ నిలబెట్టిన ఇసుకరాతి బండలు, పైన ఒక్కటే కప్పు బండ. కొన్నింటి లోపల ఒకే రాయిని తొలిచిన తొట్టి ఉంటది, పీనుగును పెట్టింది అండ్లనే. టేపు తీసుకపోయి కప్పు బండ పొడవు, మందం కొలవండి. దాన్ని ఎట్ల లేపిన్రో అప్పుడు మీకే ఆలోచన వస్తది.

కప్పు మీదికి ఎవరినీ ఎక్కనియ్యకు, ఫొటో కోసమైనా సరే. సున్నమూ సిమెంటూ లేవక్కడ, బరువు మీద బరువే నిలబెడుతున్నది. ఒక బండ జరిగితే మొత్తం కూలుతది. గుప్తనిధులని తవ్వినోళ్లు ఇప్పటికే చాలా పాడుచేసిన్రు. చూస్తే కడుపు తరుక్కపోతది. పెంకు ముక్క దొరికినా ఉన్నకాడనే ఉంచండి.

మధ్యాహ్నం తిన్నంక మ్యూజియం. తెరిచి ఉంటదో లేదో ముందు రోజే కనుక్కో. కోయల పనిముట్లు, ఇంటి సామాను చూసేటప్పుడు గబగబ నడవనియ్యకు, గంటన్నర పడుతది.

రామప్పను అదే రోజు కలపకు. 1213ల కట్టిన ఆ గుడికి ఒక పూటంతా కావాలె. నాలుగున్నరకల్లా తిరుగు ప్రయాణం కట్టండి. తాడ్వాయి, పస్రా నడుమ అడవి రోడ్డు, చీకటి పడితే పశువులు రోడ్డు మీదనే పండుకుంటయి.